పంపు గది, పచ్చ!

మేం దిగిన రిసార్టులో ఏ దారి పట్టినా చివరికి భోజనశాలకే చేరుస్తుంది. గది తలుపు తీయగానే పూలకుండీల మధ్య ఒక బాణం గుర్తు, దాని కింద ప్లేటూ చెంచా బొమ్మ. సరస్సు వైపు వెళ్దామని ఎడమకు తిరిగితే వెదురుపొద దగ్గర ఇంకో బాణం. ఈతకొలను చుట్టూ తిరిగి పారిపోదామనుకుంటే అక్కడా అదే చెంచా. మొదటి రోజు సాయంత్రం ఆ బాణాలన్నీ చూసి మా ఆయన, "ఈ ఊళ్లో ఒకటే స్టేషను. లైన్లన్నీ అక్కడికే" అన్నారు.

"మా ఆయన" అని రాయడం నాకింకా కొత్త. పెళ్లయి నెల తిరగలేదు. ఆ రెండు మాటలు రాసిన ప్రతిసారీ కలం కాస్త ఆగి, నేను నవ్వుకోవడం అయ్యాక కదులుతోంది. చదివేవాళ్లు ఓర్చుకోవాలి.

ఆయన రైలు ఇంజిన్ డ్రైవరు. గూడ్సు బళ్లు నడుపుతారు. నేను కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెప్తాను. మమ్మల్ని ఈ రిసార్టుకి పంపింది మా ఆడపడుచు, పెళ్లి కానుకగా. వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, వాన వచ్చేలా ఉంది అన్నంత మామూలుగా ఆయనో మాట చెప్పారు.

"సెలవు అయిపోగానే మెడికల్ ఉంది. పోయినసారి బీపీ ఎక్కువొచ్చింది. ఈసారీ ఎక్కువే వస్తే ఇంజిన్ మీంచి దింపేస్తారు."

"దింపేసి?"

"షెడ్డు ఆఫీసులో కూర్చోబెడతారు. కుర్చీ, ఫ్యాను, సంతకాలు."

కుర్చీ, ఫ్యాను అంటుంటే ఆయన ముఖం చూడాలి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఇంజిన్లో నిప్పులగుండంలా ఉంటుందని పెళ్లికి ముందు ఫోన్లో నాతో గొప్పగా చెప్పుకున్న మనిషి, ఫ్యాను పేరెత్తేసరికి కన్నీళ్లకు ఒక్క అడుగు దూరంలో ఉన్నారు.

"డాక్టరు ఏం చేయమన్నాడు?"

"మాత్రలిచ్చాడు, వేసుకుంటున్నా. ఉప్పు తగ్గించమన్నాడు, తగ్గించా. బరువు తగ్గమన్నాడు. రోజూ చెమట పట్టేలా నడవాలట, వీలైతే మెల్లగా పరుగెత్తాలట."

"మరి పరుగెత్తుతున్నారా?"

"పెళ్లి పనుల్లో పరుగెత్తా కదా."

నేను సీట్లోనే నిటారుగా కూర్చున్నాను. "చూడండి, మీరు అదృష్టవంతులు. నేను కాలేజీలో పరుగు పందేల్లో ఉండేదాన్ని."

"గెలిచేదానివా?"

"చివరి నుంచి రెండోదాన్ని. నా వెనకొచ్చిన అమ్మాయికి కాలు బెణికింది."

ఆయన నవ్వారు. బస్సెక్కాక అదే మొదటి నవ్వు. ఇక ఆ నవ్వు కోసం నేను కొండలైనా ఎక్కుతాననుకున్నాను. కొండ ఎక్కడం వల్లే తర్వాత చిక్కొచ్చి పడింది. అది చెప్తాను.

మర్నాడు పొద్దున్నే లేచి బూట్లు కట్టుకున్నాం. ఆయన బూట్లు కొత్తవి, అడుగు వేస్తే కీచుమంటున్నాయి. గది ముందు నిలబడి నేను చేతులూ కాళ్లూ ఊపి, "పదండి!" అన్నాను.

ఆయన కదల్లేదు. "ముందు దారి నేర్చుకోవాలి కదా?"

"నేర్చుకోవడమేమిటి? అదిగో దారి."

అప్పుడు చెప్పారు. కొత్త మార్గంలో బండి నడపాలంటే ముందు ఆ మార్గం తెలిసిన డ్రైవరు పక్కన నిలబడి రానూ పోనూ తిరగాలట. మలుపెక్కడ, ఎత్తెక్కడ, ఏ సిగ్నలు ఏ చెట్టు చాటున ఉంటుంది, ఇదంతా కళ్లు మూసుకున్నా కనబడాలి. పగలోసారి చూడాలి, వెలుతురు తగ్గాక ఓసారి చూడాలి. ఆ తర్వాత 'ఈ దారి నాకొచ్చు' అని సంతకం పెడితే అప్పుడు బండి చేతికిస్తారు.

"ఇది రిసార్టండీ. అటు గులాబీలు, ఇటు గులాబీలు."

"గులాబీలైతే మాత్రం? దారి దారే కదా."

సరే, మొదటి పొద్దు నేర్చుకోవడంతోనే సరిపోయింది. రెండో పొద్దున పరుగు మొదలుపెట్టాం. మెల్లగానే. పదడుగులు వేశామో లేదో ఆయన కుడిచెయ్యి ముందుకు చాచి, ప్లాట్‌ఫారం ఆ చివరిదాకా వినబడేంత గొంతుతో, "పూలకుండీలు, పచ్చ!" అన్నారు.

నేను ఉలిక్కిపడ్డాను. "ఏమైంది?"

"తిరిగి చెప్పాలి."

"ఏం చెప్పాలి?"

"పూలకుండీలు, పచ్చ."

ఇంజిన్లో ఇద్దరుంటారు కదా, సిగ్నలు కనబడగానే ఒకరు చెయ్యి చాచి దాని రంగు పైకి చెప్పాలట. రెండోవాళ్లు కూడా తమ కళ్లతో చూసి అదే మాట తిరిగి చెప్పాలి. తిరిగి రాకపోతే బండి నెమ్మదించాలి, అప్పటికీ రాకపోతే ఆగాలి. అది రూలు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆ నోటికి అదే అలవాటు. కాళ్లు వేగంగా కదిలితే చాలు, నోరు దానంతటదే పిలుస్తుంది.

నాకు మహా ముచ్చటేసింది. వెదురుపొద పచ్చ అన్నారు, నేనూ అన్నాను. సామాన్ల బ్యాటరీ బండి అడ్డొస్తే పసుపు అన్నారు, నేనూ అన్నాను. అలా గానాబజానా చేసుకుంటూ ఈతకొలను దగ్గరికి వచ్చాం. అక్కడ కుర్చీల నిండా జనం. పొద్దున్నే చక్కగా తయారై, కాఫీలు తాగుతూ, మెల్లమెల్లగా మాట్లాడుకుంటున్నారు.

"ఈతకొలను, పచ్చ!"

క్లాసులో అరవై మంది ముందు అరగంట మాట్లాడేదాన్ని, ఆ కాఫీ కప్పుల ముందు నోరెత్తలేకపోయాను. ఆయన నెమ్మదించారు. నా వైపు చూశారు. మళ్లీ చెయ్యి చాచి, "ఈతకొలను, పచ్చ" అన్నారు, ఈసారి కాస్త బతిమాలుతున్నట్టు. నేను తల వంచుకుని నేల చూపులు చూశాను. ఆయన ఆగిపోయారు. ఆ చాచిన చెయ్యి అలాగే ఉంది. కొలను చుట్టూ ఉన్న తలలన్నీ మా వైపు తిరిగాయి.

ఓ పెద్దావిడ ఊలుతో ఏదో అల్లుకుంటోంది. అల్లిక ఆపకుండానే, "చెప్పవే తల్లీ, పచ్చో పసుపో. పాపం నిలబడిపోయాడు" అంది. గొల్లున నవ్వారు అందరూ.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన చెయ్యి పట్టుకుని గదికి లాక్కొచ్చాను. తలుపేసి, "రేపట్నుంచి పిలుపుల్లేవు. నోరు మూసుకుని పరుగెత్తాలి. లోకంలో అందరూ అలాగే పరుగెత్తుతారు" అన్నాను.

"అలాగే మేడమ్" అన్నారు. నన్నలా పిలిస్తే వేళాకోళమని లెక్క. కానీ ఆ రోజు ఆ మాటలో వేళాకోళం తక్కువగా ఉంది.

మధ్యాహ్నం అత్తయ్య ఫోన్ చేశారు. ఆవిడకు బీపీ సంగతి తెలీదు. తెలిస్తే ఆవిడ బీపీ కూడా చూడాల్సి వస్తుందని మేం చెప్పలేదు.

"అమ్మాయ్, వాడు సరిగ్గా తింటున్నాడా?"

"తింటున్నారత్తయ్యా."

"తిననివ్వమ్మా. పెళ్లైన కొత్తలో మగాడు చిక్కిపోతే ఊరంతా పెళ్లాన్నే అంటుంది. ఏం చేస్తున్నారు రోజంతా?"

నేను ఆయన వంక చూశాను. ఆయన మంచమ్మీద బోర్లాపడుకుని, నొప్పి పుట్టిన పిక్కలు నొక్కుకుంటూ, చెప్పొద్దని సైగ చేస్తున్నారు.

"ఏముందత్తయ్యా, అలా తిరుగుతున్నాం."

ఆ తర్వాత మిగిలిన దారులు చూశాం. సరస్సు ఒడ్డున పరుగెత్తితే అడుగడుక్కీ ఇసుకలో కాలు దిగబడింది. పైగా అక్కడ ప్రతి బండ మీదా ఒక జంట ఫొటో దిగుతోంది. కనీసం నలుగురి ఆల్బముల్లో వెనకాల రొప్పుతూ మేమిద్దరం ఉండే ఉంటాం. పెద్ద గేటు బయట రోడ్డుకి పక్కన కాలిబాట లేదు. లారీలు రివ్వున పోతున్నాయి. లోపలి దారిలో ఈతకొలనూ ఊలు మామ్మా ఉన్నారు. ఇక మిగిలింది గుట్ట. రిసార్టు వెనక చిన్న గుట్ట ఉంది, పైన చుట్టుపక్కలంతా కనబడే చోటుందని రాతిమెట్లు కట్టారు. చెట్ల నీడ, మనుషుల్లేరు, చెంచా బొమ్మల్లేవు. దొరికిందనుకున్నాను.

"ఒకసారి నడిచి చూద్దామా?" అన్నారు.

"మెట్లు నేర్చుకునేదేముందండీ! పైకెళ్తాయి, కిందికొస్తాయి. రోజులు అయిపోతున్నాయి."

నోరు మూసుకుని పరుగెత్తమన్నాను కదా, అలాగే పరుగెత్తారు. మొదట్లో నా పక్కనే ఉన్నారు. తర్వాత ముందుకెళ్లారు. నేను వెనక నుంచి ఆ కీచుమనే బూట్లు చూస్తూ మురిసిపోయాను. అబ్బ, నా మొగుడు నన్ను మించిపోయాడు, ఇక ఏ డాక్టరు దింపుతాడో చూస్తా అనుకున్నాను. మలుపు తిరిగేసరికి ఆయన మెట్టు మీద కూర్చుని ఉన్నారు. ఒక చెయ్యి రాతి మీద, ఒక చెయ్యి ఛాతీ మీద. పెదాల రంగు మారిపోయింది.

గాజుగొట్టంలో రంగు మారితే నాకు సంబరం. పిల్లలకు చూపించి చప్పట్లు కొట్టిస్తాను. ఆయన ముఖంలో రంగు మారితే నా కాళ్ల కింద మెట్టు లేదనిపించింది.

పక్కన కూలబడి ఆయన తల నా భుజానికి ఆనించుకున్నాను. నీళ్లసీసా మూత నా చేతికి రాలేదు. ఆయనే తీసుకుని తిప్పారు, నాకే ముందు ఇచ్చారు. "తాగు. నువ్వు వణుకుతున్నావు."

కాసేపటికి ఆయన ఊపిరి కుదుటపడింది. ఛాతీలో నొప్పేమీ లేదని, కేవలం ఆయాసమని మూడుసార్లు ఒట్టేయించుకున్నాను. ఎండ ఆకుల్లోంచి చుక్కలు చుక్కలుగా ఆయన మోకాళ్ల మీద పడుతోంది.

"ఎందుకంత వేగంగా పోయారు?"

"పోతున్నానని తెలీలేదు. పిలుస్తూ ఉంటే మాట రావాలి కదా. మాట తడబడితే వేగం ఎక్కువైందని తెలిసిపోతుంది. నోరు మూసుకునేసరికి ఎంతలో ఉన్నానో అంతు తెలీలేదు."

మా కాలేజీ వ్యాయామం సారు కూడా ఇదే చెప్పేవారు. పక్కనున్న మనిషితో మాట్లాడగలిగినంత వేగమే నీ వేగం అని. మేం ఆ మాట పట్టుకుని పందెం పొడుగునా సినిమా కథలు చెప్పుకునేవాళ్లం. నేను చివరి నుంచి రెండోదాన్ని కావడానికి అదో కారణం.

"ఏమండీ, ఒకటడుగుతా. ఆ కుర్చీ, ఫ్యాను అంత పాపం చేశాయా? జీతం పెద్దగా తగ్గదన్నారు. రోజూ ఇంటికొస్తారు. నాకైతే..." ఆగాను. నాకైతే బాగుంటుందన్న మాట గొంతుదాకా వచ్చింది. నిజంగానే బాగుంటుంది. కానీ ఆ ముఖం చూస్తూ అది అనలేకపోయాను.

ఆయన చాలాసేపు బూటు ముడి సవరించుకున్నారు.

"మేం పిలిచేది చూశావుగా. ఎదురుగా ఏముందో నాకు కనబడుతుంది. కానీ నా కళ్లు నన్ను మోసం చేస్తున్నాయేమో? అలిసిపోయి ఉంటాను, పొగమంచుంటుంది. పక్కన ఇంకో మనిషి తన కళ్లతో చూసి, పచ్చ అంటాడు. ఆ ఒక్క మాటతో వెనకున్న బండి బరువంతా తేలికైపోతుంది. ఇద్దరికీ ఒకటే కనబడిందని తెలిస్తే ఇంక భయముండదు." నా వైపు తిరిగి అన్నారు, "ఆఫీసులో నేను పచ్చ అంటే ఎవరంటారు, పచ్చ అని?"

నేను ముక్కు ఎగబీల్చాను. "నేనంటాను."

"నువ్వా? కాఫీ కప్పులు చూస్తేనే జడుసుకున్నావు."

"జనం లేని దారి దొరికితే అంటాను. ముందు దారి వెతుకుదాం. నేర్చుకుందాం కూడా. పగలోసారి, వెలుతురు తగ్గాక ఓసారి."

ఆయన లేచి నిలబడి నాకు చెయ్యి అందించారు. మెట్లు దిగుతూ, ప్రతి మలుపు దగ్గరా మెల్లగా రంగు చెప్పారు. నేనూ మెల్లగా తిరిగి చెప్పాను.

దారి చూపించినవి దుప్పట్లు. ఆ మధ్యాహ్నం గదిలో మాసిన దుప్పట్లు తీసుకుపోవడానికి వచ్చిన బ్యాటరీ బండి, అతిథుల బళ్లలా పూలకుండీల వైపు తిరగలేదు. మా వరండా వెనక నుంచి, సన్నటి సిమెంటు దారిలో, ఒక్క బాణం గుర్తు కూడా లేని వైపు వెళ్లిపోయింది. నేను ఆయన చొక్కా పట్టుకుని లాగాను. "చెంచా బొమ్మ లేదు! పదండి!"

బండి వెనక నడిచి వెనక గేటు చేరాం. అక్కడ గుబురుమీసాల వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని రేడియో వింటున్నాడు.

"అటు గెస్టులెవరూ పోరమ్మా. అటేముంది? బట్టలుతికే చోటు, పంపు గది, పాత పడవలు."

"భోజనశాల లేదు కదా?"

"లేదమ్మా. ఆకలేస్తే ఇటు రావాలి, ఈ బాణం..."

"వద్దు, వద్దు. మాకదే కావాలి."

మమ్మల్ని ఎగాదిగా చూశాడు. కొత్త జంటలకు పిచ్చి కాస్త ఎక్కువుంటుందని అతనికి అనుభవమే అయివుండాలి, గేటు తీశాడు.

ఎంత బాగుందో ఆ దారి! గేటు దాటగానే ఉతికిన దుప్పట్లు తాళ్ల మీద వరసగా, తెల్లగా, గాలికి ఉబ్బుతూ. వాటి మధ్య నుంచే బాట. అది దాటితే గుయ్యిమంటూ పంపు గది, దాని గోడకు నాచు, పైపు అతుకు దగ్గర నీటి తుంపర. పంపు గది నీడలో గోధుమరంగు కుక్క ఒకటి, నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు చాచి నిద్ర. తర్వాత రంగు వెలిసిన పడవలు బోర్లించి పెట్టారు. ఆ తర్వాత కాలువ మీద చెక్కల వంతెన. వంతెన దిగితే వెదురుపొదల వెనక నుంచి తిరిగి మా గది తలుపు దగ్గరే తేలాం. అంతా చదును. తేలికగా ఓ చుట్టు.

ఆ రోజు వెలుతురు తగ్గుతుండగా ఓసారి, మర్నాడు పొద్దున ఓసారి నడిచాం. ఆయన అడిగారు, నేను కళ్లు మూసుకుని చెప్పాను.

"పంపు గది తర్వాత?"

"పడవలు."

"తప్పు. కుక్క."

"కుక్క కదుల్తుంది కదండీ, అది సిగ్నలెలా అవుతుంది?"

"అందుకే అసలు సిగ్నలు అదే. పడుకుంటే పచ్చ. తలెత్తితే పసుపు. లేచి నిలబడితే ఎరుపు."

ఆరేసిన దుప్పట్ల మధ్య కొన్ని అడుగుల మేర మేం ఎవరికీ కనబడం. అక్కడ ఆయన హఠాత్తుగా ఆగారు. "ఇక్కడ సిగ్నలేమీ లేదే?" అన్నాను. "ఇక్కడ హాల్టుంది" అన్నారు. ఆ హాల్టు గురించి ఇంతకన్నా రాయను. అది మాత్రం కళ్లు మూసుకునే నేర్చుకున్నాను.

అప్పుడు పరుగెత్తాం. ఆయన పిలిచారు, నేను తిరిగి పలికాను. "వెనక గేటు, పచ్చ!" "వెనక గేటు, పచ్చ!" మీసాల వాచ్‌మన్ రేడియో గొంతు తగ్గించి మరీ విన్నాడు. "పంపు గది, పచ్చ!" "పంపు గది, పచ్చ!" మాట తడబడిన చోట నెమ్మదించాం, కుదురుకున్నాక మళ్లీ సాగాం. ఒకరోజు కుక్క లేచి నిలబడింది. "కుక్క, ఎరుపు!" అని ఇద్దరం ఒకేసారి అరిచి బొమ్మల్లా నిలబడిపోయాం. అది ఆవులించి, చోటు మార్చుకుని పడుకుంది. మా అంత శ్రద్ధగా దాన్ని ఎవరూ చూసి ఉండరు.

చివరి రోజుల్లో పడవల దగ్గర ఎండ బాగుంటుందని ఊలు మామ్మ తన కుర్చీ అక్కడికే తెప్పించుకుంది. "పడవలు, పచ్చ!" అన్నారు ఆయన. నేను మింగిన ఉమ్మి కిందికి దిగేలోపే, "పచ్చే నాయనా, పచ్చే! పద!" అంది మామ్మ, ఊలుపుల్ల ఊపుతూ. ఆయన ఆగకుండా వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండింది. నా మాట ఇంకొకరు చెప్పడమేమిటి! మర్నాడు ఆవిడ నోరు తెరవకముందే నేను అరిచాను. మామ్మ ముసిముసిగా నవ్వుకుంది.

సెలవు అయిపోయింది. మెడికల్ రోజు వచ్చింది.

రైల్వే ఆస్పత్రి వరండాలో పొడవాటి బెంచీ మీద ఆయన తోటి డ్రైవర్లు ముగ్గురు కూర్చుని ఉన్నారు. ఒకాయన, "ఏరా పెళ్లికొడకా, పెళ్లాంతో వచ్చావు, నీకు సూదంటే భయమా?" అన్నాడు. "నాక్కాదురా, సూదికి నేనంటే" అన్నారు మా ఆయన. నవ్వారు గానీ, మోకాలు ఆగకుండా అదురుతోంది. నా చెయ్యి దాని మీద వేశాను.

పిలుపొచ్చింది. నేనూ వెంట వెళ్లాను. నర్సు వద్దనలేదు. ఆయన కుడి చేతికి పట్టీ చుట్టి గాలి ఊదింది. డాక్టరు పాదరసం మట్టం చూశాడు. పెదవి విరిచాడు. ఏమీ అనకముందే నాకు అర్థమైంది. ఆయనకూ అర్థమైంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"కంగారు పడుతున్నారు" అన్నాడు డాక్టరు, దయగానే. "కాసేపు అలా కూర్చోండి. మళ్లీ చూస్తాను. ఈసారి వచ్చిందే రాస్తాను." అని పక్క బల్ల దగ్గరికి వెళ్లాడు.

ఆయన గోడ మీద క్యాలెండరు వైపు చూస్తున్నారు. క్యాలెండరులో ఏముందో అడిగితే చెప్పలేరు. ఆయన కళ్లముందు కుర్చీ, ఫ్యాను ఉన్నాయని నాకు తెలుసు.

నేను నర్సుని అడిగాను. "నేను మాట్లాడొచ్చా ఆయనతో?"

"మీరు మాట్లాడుకోండి. ఆయన మాత్రం నోరు మెదపకూడదు. మాట్లాడితే లెక్క పెరుగుతుంది."

నోరు మెదపకూడదట! ఈ మనిషిని! నేను స్టూలు దగ్గరికి లాక్కున్నాను. "కళ్లు మూసుకోండి" అన్నాను. మూసుకున్నారు. గది నిండా మందుల వాసన, బల్ల మీద స్టీలు గిన్నెల చప్పుడు. నేను గొంతు తగ్గించి పిలిచాను.

"వెనక గేటు, పచ్చ."

ఆయన పెదాలు కదలబోయాయి. నర్సు వేలు చూపించింది. పెదాలు ఆగాయి. జవాబు లేదు. జవాబు రాకపోతే బండి ఆగాలి, అది రూలు. నేనూ ఆగాను. అప్పుడు ఒళ్లో ఉన్న ఆయన ఎడమచేతి బొటనవేలు మెల్లగా పైకి లేచింది.

సరే. చూశారన్నమాట.

"దుప్పట్లు, పచ్చ."

వేలు లేచింది. దిగింది. కాస్తాగి మళ్లీ లేచింది. హాల్టు గుర్తు చేస్తున్నారు, ఆస్పత్రిలో, నర్సు ముందు! నా చెవులు వేడెక్కాయి. "ముందుకు పదండి" అన్నాను. ఆయన పెదవి చివర వంపు తిరిగింది.

"పంపు గది. తుంపర పడుతోంది. పచ్చ."

వేలు.

"కుక్క." ఇక్కడ నేను కావాలనే ఆలస్యం చేశాను. ఆయన బొటనవేలు గాల్లో ఎదురుచూసింది. "పడుకునే ఉంది. పచ్చ."

ఆయన భుజాలు కిందికి జారాయి. మోకాలు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. ఛాతీ మెల్లగా లేస్తోంది, దిగుతోంది, చదును దారిలో లాగా. ఎప్పుడు వచ్చాడో డాక్టరు మా పక్కనే నిలబడి ఉన్నాడు. నర్సు గాలి ఊదింది. నేను ఆపలేదు.

"పడవలు. మామ్మ ఉంది. అయినా నేనే ముందు చెప్పాను. పచ్చ."

వేలు.

"వంతెన..."

పట్టీలో గాలి బుస్సుమంటూ దిగిపోయింది. డాక్టరు పాదరసం చూసి, నమ్మకం కుదరక కాసేపాగి తనే ఇంకోసారి ఊది చూశాడు. కాగితం మీద ఏదో రాశాడు.

"ప్రస్తుతానికి ఇంజిన్ ఎక్కొచ్చు" అన్నాడు. "హద్దులోపలే ఉంది, కానీ హద్దు పక్కనే ఉంది. మాత్రలు మానొద్దు, ఉప్పు జోలికి పోవద్దు, ఆ పరుగేదో ఆపొద్దు. మూడు నెలల తర్వాత మళ్లీ రండి."

ఆయన కళ్లు తెరిచారు. నేను ఏడుస్తున్నానని అప్పటిదాకా నాకు తెలీదు. నర్సు పట్టీ విప్పుతూ ఆయన్ని అడిగింది, "ఇంతకీ ఆ కుక్క ఎవరిది?"

"సిగ్నల్ డిపార్టుమెంటుది" అన్నారు ఆయన.

బయట ఆస్పత్రి మెట్ల మీద జనం. మందుల చీటీలు పట్టుకున్నవాళ్లు, ఆటో కోసం చూస్తున్నవాళ్లు, ఇందాక బెంచీ మీద కూర్చున్న డ్రైవర్లు. కాగితం జేబులో పెట్టుకుని ఆయన మెట్టు దిగబోయి ఆగారు.

"వంతెన దగ్గరే వదిలేశావు నన్ను."

"అయిపోయింది కదండీ, పదండి."

"అయిపోలేదు. వంతెన దాటాలి. వెదురుపొదలు. గది తలుపు. సగంలో ఎలా దిగిపోతాం?"

చుట్టూ చూశాను. అంతమంది ఉన్నారు. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో మాత్రల సంచి. సంచి ఆయన చేతికిచ్చి, కుడిచెయ్యి ముందుకు చాచి, ఆ వీధి చివరిదాకా వినబడేంత గొంతుతో పిలిచాను.

"వంతెన, పచ్చ!"

తలలన్నీ మా వైపు తిరిగాయి. నేను చెయ్యి దించలేదు. ఆయన నోరు, అంతసేపూ బలవంతాన మూసుకున్న ఆ నోరు, ఇంతగా విచ్చుకుంది. ఇంకా ఆయన మాట రాకముందే వెనక నుంచి, మెట్ల మీది ముగ్గురు డ్రైవర్లూ, అలవాటు కొద్దీ, ఒక్క గొంతుతో అందుకున్నారు.

"వంతెన, పచ్చ!"

"ఒరేయ్, మీరెవర్రా మధ్యలో!" అన్నారు మా ఆయన.